ఆల్బమ్ ఒకటి, కచేరీ ఇంకొకటి



రాక్ కచేరీల్లో ఇరవై ఏళ్లుగా ఒక ఆనవాయితీ బలపడింది. ఎప్పుడో పేరు తెచ్చిపెట్టిన ఆల్బమ్‌ను బ్యాండువాళ్లు మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, అట్ట వెనక అచ్చువేసిన వరసలోనే స్టేజీ మీద వాయిస్తారు. 2005లో లండన్‌లో ఆల్ టుమారోస్ పార్టీస్ అనే నిర్వాహకులు 'డోంట్ లుక్ బ్యాక్' అని పేరుపెట్టి ఇలాంటి కచేరీలు వరసగా ఏర్పాటు చేశారు. స్టూజెస్ వచ్చి 1970 నాటి 'ఫన్ హౌస్' మొత్తం వాయించారు. ఆ తర్వాత చాలా బ్యాండ్లు ఆ దారే పట్టాయి. ఆల్బమ్‌కు పదేళ్లో ఇరవయ్యేళ్లో నిండాయంటే చాలు, అటక మీంచి దించి దుమ్ము దులిపేస్తున్నారు.

నాకిది గిట్టదు. మూడో పాట తర్వాత నాలుగోది ఏదో హాల్లో ప్రతివాళ్లకూ ముందే తెలిసిపోతే ఇక ఎదురుచూడడానికి ఏం మిగిలింది? ఇంట్లో కూర్చుని వినగలిగినదాన్నే డబ్బిచ్చి, నిలబడి, ఇంకాస్త గట్టిగా వింటున్నాం, అంతే. పాత పాటల మీద మమకారం నాకూ ఉంది, లేదనను. కానీ ఇండీ రాక్‌లో ఈ పద్ధతి మరీ విడ్డూరం. ఈ సంగీతంలో మొదటినుంచీ ఆల్బమ్‌దొక దారి, కచేరీదొక దారి. నేను అభిమానించే బ్యాండ్లన్నీ ఆ రెంటినీ వేర్వేరు పనులుగానే చూశాయి. ఇవాళ అలాంటి మూడు బ్యాండ్ల సంగతి చెబుతాను.

ముందు ఇండీ రాక్ అంటే ఏమిటని అడిగేవారి కోసం ఒక్క మాట. పెద్ద రికార్డు కంపెనీల చేతికి చిక్కకుండా, సొంత డబ్బుతోనో చిన్న లేబుల్ సాయంతోనో రికార్డులు వేసుకునే గిటార్ బ్యాండ్ల సంగీతమిది. 1980ల్లో అమెరికాలో పెద్ద స్టేషన్లు వీళ్లవైపు పెద్దగా చూడకపోతే, కాలేజీ విద్యార్థులు నడుపుకునే రేడియోలే వినిపించాయి. ఆ కాలపు పద్ధతి తెలియాలంటే ఒక ముచ్చట చాలు. 1980లో వాషింగ్టన్‌లో ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ అనే కుర్రాళ్లుండేవారు. టీన్ ఐడిల్స్ అనే వాళ్ల బ్యాండు విడిపోయేనాటికి కచేరీల మీద కూడబెట్టింది ఆరు వందల డాలర్లు. దాన్ని పంచుకోకుండా, ఆ డబ్బుతో ఒక చిన్న రికార్డు వేద్దామనుకున్నారు. అట్ట ఎలా తయారుచేస్తారో వాళ్లకు తెలియదు. ఇంట్లో ఉన్న ఓ ఇంగ్లండు రికార్డు అట్టను అంటు విప్పి, బల్ల మీద పరిచి, దాని ఆకారం గీసుకుని, ఆ కొలతకు వెయ్యి అట్టలు కత్తెర పట్టి కోశారు. మడిచారు, జిగురు పెట్టి అంటించారు. డిస్కార్డ్ రికార్డ్స్ అలా మొదలైంది. నలభై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక మొదటి బ్యాండు. ఒహాయో రాష్ట్రంలో డేటన్ అని ఓ మోస్తరు ఊరు. అక్కడ రాబర్ట్ పొలార్డ్ అనే ఆయన నాలుగో తరగతి పిల్లలకు టీచరు. పగలు బడి, సాయంత్రాలు పాటలు. ఆయన బ్యాండు పేరు గైడెడ్ బై వాయిసెస్. పాట కట్టడం ఆయనకు వ్యసనం. ఊళ్లో వీళ్లను పట్టించుకున్నవాళ్లు తక్కువ, రికార్డులకు పెట్టిన డబ్బు తిరిగొచ్చేదీ కాదు. 1992లో 'ప్రొపెల్లర్' అనే ఆల్బమ్‌తో ఇక చాలించేద్దామనుకుని అయిదు వందల కాపీలు మాత్రం అచ్చువేశారు. అట్టలన్నీ చేత్తో చేసినవే, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. చిత్రమేమిటంటే, చాలిద్దామనుకున్న ఆ రికార్డే నోటి మాటగా పాకి వాళ్లను బతికించింది. 1994లో 'బీ థౌజండ్' వచ్చి దేశమంతా పేరు తెచ్చేనాటికి పొలార్డ్‌కు 36 ఏళ్లు. రాక్ సంగీతంలో ఆ వయసులో జనం రిటైరవుతారు. ఈయన బడికి రాజీనామా ఇచ్చి పూర్తిగా పాటల్లోకి దిగాడు.

'బీ థౌజండ్' గురించి కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి. 36 నిమిషాల్లో 20 పాటలు. గరాజుల్లో, ఇళ్ల కింది సెల్లార్లలో, క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు మాత్రమే పట్టే చిన్న యంత్రాలతో రికార్డు చేశారు. మొదటి పాట 'హార్డ్‌కోర్ యూఎఫ్ఓస్' పెట్టుకోండి. గొంతు మీకు దగ్గరగా ఉంటుంది, గిటార్ ఎక్కడో ఓ పక్కన ఉంటుంది, వెనకాల టేపు సుయ్‌మంటూనే ఉంటుంది. పాట మంచి ఊపులో ఉండగా ఒక గిటార్ ఉన్నట్టుండి మాయమవుతుంది. తీగ తెగిందా, స్పీకర్ పాడైందా అని మొదటిసారి విన్న ఎవరైనా లేచి చూస్తారు. కాసేపటికి అది మళ్లీ వచ్చి చేరుతుంది, ఏమీ జరగనట్టు. పెద్ద స్టూడియోలో అయితే ఆ టేకు చెత్తబుట్టకు పోయేది. వీళ్లు దాన్నే ఆల్బమ్‌కు మొదటి పాటగా పెట్టారు.

దాన్ని బద్ధకమని కొట్టిపారేసిన విమర్శకులూ ఉన్నారు. నేనలా అనుకోను. పొలార్డ్ పాట పట్టుకున్నప్పుడు దాని వేడి ఎంతసేపుంటుందో ఆయనకు తెలుసు. పల్లవి దొరికింది, రెండుసార్లు పాడాడు, అయిపోయింది. మూడోసారి అనవసరం. ఒకటిన్నర నిమిషంలో ముగిసిపోయే పాటను పట్టుకుని ఇంకాసేపు సాగదీయవలసిందని అనేవాళ్లకు, అది మళ్లీ మొదటినుంచి వినాలనిపించేది ఆ పొట్టితనం వల్లేనని ఎలా చెప్పడం? మరుసటి ఏడు వచ్చిన 'ఏలియన్ లేన్స్'లో 41 నిమిషాల్లో 28 పాటలున్నాయి. దాని రికార్డింగుకు పది డాలర్లకు మించి కాలేదని, తాగిన బీరు ఖర్చు అందులో కలపలేదని బ్యాండువాళ్లే చెప్పుకున్నారు. అందులో ఎంత అతిశయోక్తి ఉన్నా వింటే నమ్మబుద్ధేస్తుంది.

ఇంత గొణుగుతున్నట్టు, ఇంత ఇరుకిరుగ్గా వినిపించే ఆల్బమ్ చేసినవాళ్లు స్టేజీ మీద ఎలా ఉంటారనుకుంటారు? ముఖం కిందికి వేసుకుని, బిడియంగా? పొలార్డ్ మైకును తీగతో గిరగిరా తిప్పేవాడు, తలంత ఎత్తుకు కాలు విసిరేవాడు. స్టేజీ మీద ఐసుపెట్టెలో బీరు సీసాలు. గిటార్లు రెండూ చెవులు గింగిర్లెత్తేంత గట్టిగా. ఆల్బమ్‌లో టేపు వెనక నక్కి ఉన్న పాటలు స్టేజీ ఎక్కేసరికి పెద్ద మైదానాల్లో పాడుకునే పాటలైపోతాయి. 2004 డిసెంబరు 31న షికాగోలోని మెట్రో హాల్లో, ఇదే చివరిదని ప్రకటించిన కచేరీలో, నాలుగు గంటల పాటు అరవైకి పైగా పాటలు వాయించారు. ఆరేళ్లు తిరక్కుండానే మళ్లీ కలిశారనుకోండి, అది వేరే సంగతి. ఆ కచేరీ డీవీడీగా వచ్చింది. సోఫాలో కూర్చుని చూసినా అలసట వస్తుంది. ఆ అలసట ఆల్బమ్‌లో లేదు, ఆల్బమ్‌లోని ఆ టేపు చప్పుడు అక్కడ లేదు. దేని లోకం దానిదే.

రెండో బ్యాండు ఫుగాజి. అట్టలు కత్తిరించాడన్నానే, ఆ ఇయాన్ మెకాయే ఇందులోనూ ఉన్నాడు. గై పిచియోటో, జో లాలీ, బ్రెండన్ కాంటీ తోడయ్యారు. 1987 నుంచి 2002 దాకా అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ, ఇంకా ఎన్నో దేశాల్లోనూ కలిపి వెయ్యికి పైగా కచేరీలు చేశారు. టికెట్ సాధారణంగా అయిదు డాలర్లు. చిన్నపిల్లలకైనా ప్రవేశం ఉండాల్సిందే, బారులో కచేరీ పెట్టి 21 ఏళ్లలోపు వాళ్లను గుమ్మం దగ్గర ఆపేస్తామంటే వీళ్లు ఒప్పుకునేవారు కాదు. టీషర్టులూ అవీ ఇవీ అమ్మేవారు కాదు. అందుకే వీళ్లు ఎక్కువగా చర్చిల హాళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో, బళ్లలో వాయించారు.

గుంపులో ఒకరినొకరు తోసుకుంటూ, తలల మీదికి ఎగబడుతూ నృత్యం చేయడం ఆ రోజుల్లో పంక్ కచేరీల్లో మామూలు. ఫుగాజి వాళ్లకు అది సరిపడేది కాదు, ముందువరసలో ఆడపిల్లలు నలిగిపోతున్నారని వాళ్ల బాధ. ఎవరైనా మితిమీరితే పాట ఆపేసేవారు. మెకాయ్ మైకులో ఆ మనిషితోనే మర్యాదగా, అయ్యా అని పిలిచి మాట్లాడేవాడు. వినకపోతే అయిదు డాలర్ల నోటు పెట్టిన కవరు అతని చేతిలో పెట్టి గుమ్మం దాకా సాగనంపేవారు. అలాంటి కవర్లు సిద్ధంగా ఉంచుకునేవారు మరి. టికెట్ డబ్బు తిరిగి ఇచ్చేశాక ఇక తగాదా పడడానికి ఏముంది? జెమ్ కోహెన్ తీసిన 'ఇన్‌స్ట్రుమెంట్' అనే డాక్యుమెంటరీలో ఇలాంటి పంచాయితీలు చూడొచ్చు.

అయితే నన్ను ఈ బ్యాండుకు కట్టిపడేసింది ఇంకొకటి. వీళ్లు పాటల జాబితా రాసుకుని స్టేజీ ఎక్కేవారు కాదు. ఏ పాట తర్వాత ఏ పాటన్నది అక్కడికక్కడే తేలేది. ఒకరు గిటార్ మీద రెండు మూడు స్వరాలు పలికించేవారు, మిగతా ముగ్గురూ అందుకునేవారు. మన కచేరీలో గాయకుడు ముందే చెప్పకుండా రాగం ఎత్తుకుంటే వయొలిన్, మృదంగం చెవి రిక్కించి వెంటపడతాయే, అలాంటి అప్రమత్తత. ఇన్ని పాటలూ నలుగురికీ ఎప్పుడంటే అప్పుడు చేతిలో ఉండాలి. 'డోంట్ లుక్ బ్యాక్' తరహా కచేరీకి ఇంతకన్నా ఎదురు పద్ధతి ఉండదు. ఇక్కడ నాలుగో పాట ఏదో వాయించేవాళ్లకే తెలియదు.

'వెయిటింగ్ రూమ్' అనే పాట తీసుకోండి. 1989లో వచ్చిన '13 సాంగ్స్'లో మొదటిది. బేస్ గిటార్ ఒక పట్టు పట్టుకుని నడుస్తుంది, మిగతావి చేరతాయి, పాట వేడెక్కుతోంది అనుకునేలోపు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నిశ్శబ్దం. తర్వాత ఏ సంజ్ఞా లేకుండా అందరూ ఒకేసారి మళ్లీ పడతారు. ఆల్బమ్‌లో ఆ ఖాళీ కొలిచి పెట్టినట్టుంటుంది, గది మూలల దాకా వినిపించే నిశ్శబ్దం. కచేరీలో అదే చోట జనం కేకలు పెడతారు, ఈలలేస్తారు. ఆల్బమ్‌లో ఖాళీగా వదిలిన జాగాను అక్కడ హాలు నింపుతుంది. రెండూ విన్నవాడికి గానీ ఆ పాట సగం కూడా తెలియదంటాను.

అలాగని ఆల్బమ్ విషయంలో వీళ్లు తొందరపడే రకం కాదు. 1992లో షికాగో వెళ్లి స్టీవ్ ఆల్బినీ దగ్గర ఒక ఆల్బమ్‌కు సరిపడా పాటలు రికార్డు చేశారు. ఆల్బినీ అంటే సామాన్యుడా? పిక్సీస్ అనే బ్యాండు ఆల్బమ్ 'సర్ఫర్ రోజా' ఆయన చేతి మీద వచ్చింది. అమ్మకాల్లో వాటా అడగకుండా చేసిన పనికి కూలి మాత్రమే పుచ్చుకున్న మనిషి. అయినా ఇంటికొచ్చి విన్నాక ఇది కుదరలేదని తేల్చుకుని మొత్తం పక్కన పెట్టేశారు. మళ్లీ తమ ఊరి పక్కనే ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా స్టూడియోకు వెళ్లి అన్నీ కొత్తగా చేశారు. అదే 1993లో వచ్చిన 'ఇన్ ఆన్ ది కిల్ టేకర్'. స్టేజీ మీద జాబితా కూడా లేకుండా దూకేసేవాళ్లు రికార్డు దగ్గరికొచ్చేసరికి అంత పట్టింపు చూపించారు. ఆల్బమ్ ఒకసారి బయటికి వెళ్లిందంటే మార్చలేం. కచేరీ రేపు రాత్రి ఇంకో ఊళ్లో మళ్లీ ఉంటుంది.

ఇక రేడియో. ఇది రేడియో ప్రసంగం కాబట్టి మన వృత్తి గొప్ప కొంత చెప్పుకోవాలి కదా. ఆల్బమ్‌కూ కచేరీకీ నడుమ మూడోదొకటి ఉంది, దాన్ని పుట్టించింది రేడియోనే. బ్రిటన్‌లో అచ్చయిన రికార్డులను బీబీసీ ఇన్ని గంటలకు మించి వినిపించకూడదని ఒకప్పుడు ఆంక్ష ఉండేది. రికార్డులే వేస్తూ పోతే వాయిద్యగాళ్లకు పని పోతుందని వాళ్ల సంఘం భయం. 1988 దాకా ఆ పద్ధతి నడిచింది. మిగిలిన సమయం నింపడానికి బ్యాండ్లను స్టూడియోకు పిలిపించి వాయింపించేవారు. జాన్ పీల్ అనే వ్యాఖ్యాత 1967 నుంచి 2004లో కన్నుమూసేదాకా ఇలాంటివి నాలుగు వేలకు పైగా ప్రసారం చేశాడు. ఊరూ పేరూ లేని బ్యాండ్లకు ఆయన పిలుపే మొదటి పిలుపు. పొద్దున్న వాద్యాలు దించుకోవడం, రాత్రికి నాలుగు పాటలు పూర్తిచేసి వెళ్లిపోవడం. చెక్కుకుంటూ కూర్చోవడానికి తీరిక ఉండదు, అలాగని ఎదురుగా జనమూ ఉండరు. ది ఫాల్ అనే బ్యాండు అలా 24 సార్లు వెళ్లింది. వాళ్ల ఆల్బమ్‌ల కన్నా ఆ సెషన్లే మేలనే అభిమానుల్లో నేనూ ఒకణ్ణి. మనకీ ఇది కొత్త కాదు. విజయవాడ కేంద్రంలో భక్తిరంజని కోసం బాలమురళీకృష్ణ గారు పాడినవి దుకాణం కోసం పాడినవి కావు, పొద్దున్నే రేడియో పెట్టుకునేవాళ్ల కోసం పాడినవి.

మూడో బ్యాండుకు రేడియో దారిలోనే వెళదాం. న్యూజెర్సీలో డబ్ల్యూఎఫ్ఎమ్‌యూ అని ప్రకటనలు వేసుకోని స్టేషన్ ఉంది, శ్రోతల చందాలతో నడుస్తుంది. చందాలు అడిగే రోజుల్లో ఏటా యో లా టెంగో అనే బ్యాండు స్టూడియోకు వచ్చేది. డబ్బు పంపిన శ్రోత ఏ పాట అడిగితే ఆ పాట, ఎవరిదైనా సరే, సాధన లేకుండా అక్కడికక్కడే వాయించాలి. చరణం మరిచిపోతారు, శ్రుతి తప్పుతారు, మధ్యలో నవ్వేస్తారు. ఆ తప్పుల తడకలన్నీ ఏరి 2006లో ఒక సీడీ వేసి, మేటి పాటలను హత్య చేస్తున్నాం అనే అర్థం వచ్చేలా తామే పేరు పెట్టుకున్నారు. ఇదే బ్యాండు 2000లో విడుదల చేసిన ఆల్బమ్ వింటే గుసగుసల కన్నా కాస్త పైన ఉంటుంది. దాని ఆఖరి పాట, తమ ఊరు హోబోకెన్ మీద చీకటి పడడం గురించినది, 17 నిమిషాలుంటుంది.

నేనొకప్పుడు జెర్సీ సిటీలో ఉద్యోగం చేసేవాణ్ణి. మనవాళ్లు వేలల్లో ఉన్న చోటే అది. అక్కణ్ణుంచి హోబోకెన్‌కు పాత్ రైలు. దిగి వాషింగ్టన్ వీధి వెంట పదకొండో వీధి దాకా నడిస్తే మ్యాక్స్‌వెల్స్ అనే హోటలు వచ్చేది. ముందు గదిలో జనం భోంచేస్తుండేవారు, వెనక గదిలో కచేరీ. రెండు వందల మంది పడితే ఎక్కువ. 2001 నుంచి యో లా టెంగో అక్కడ యూదుల హనుక్కా పండగ ఎనిమిది రాత్రులూ వాయించేది. వచ్చిన డబ్బు దానధర్మాలకు. ముందు వాయించే బ్యాండెవరో ముందుగా చెప్పరు, గదిలోకి వెళ్లాక తెలుస్తుంది. ఆఖరి రాత్రి, బ్యాండులో గిటార్ వాయించే ఇరా కప్లాన్ వాళ్లమ్మగారు స్టేజీ ఎక్కి ఒక పాట పాడడం ఆనవాయితీగా ఉండేది. నేను వెళ్లిన రాత్రి ఇరా గిటార్‌ను యాంప్లిఫయర్‌కు ఆనించి పుట్టించిన రొద నా పక్కనున్న గోడలో అదురుగా తెలిసింది. డ్రమ్స్ దగ్గర కూర్చున్న జార్జియా హబ్లీ మాత్రం ఆ గోలలో ఏ మార్పూ లేని ముఖంతో, ఇంట్లో పని చేసుకుంటూ పాడుకున్నంత మెల్లగా పాడుతోంది. ఆమె గొంతు ఆల్బమ్‌లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. కానీ అంత చప్పుడు మధ్య అంత చిన్న గొంతు నిలబడుతుందని ఆల్బమ్ విని ఊహించలేం.

ఊరు మారిపోయిందని, కారు పెట్టుకోవడానికే చోటు దొరకడం లేదని 2013లో మ్యాక్స్‌వెల్స్ మూతపడింది. 2017 నుంచి ఆ ఎనిమిది రాత్రులూ నది దాటి న్యూయార్క్‌లోని బోవరీ బాల్‌రూమ్‌కు మారాయి. పెద్ద హాలు, మంచి హాలే. 

వినాలనిపించినవారికి దారి సులువు. ఫుగాజి వాళ్ల కచేరీలను వాళ్ల సౌండ్ మనుషులు ఊరూరా రికార్డు చేసి దాచారు. ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. 2011 చివరినుంచి డిస్కార్డ్ వాటిని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టింది. అప్పట్లో ధర అయిదు డాలర్లు, చేతనైనంత ఇస్తామంటే ఒక డాలరుకైనా ఇచ్చేవారు. మొదట '13 సాంగ్స్' రెండు మూడుసార్లు వినండి. తర్వాత ఆ జాబితాలో 'వెయిటింగ్ రూమ్' వాయించిన కచేరీలు రెండు ఏరుకోండి. తొలినాళ్లదొకటి, పదేళ్ల తర్వాతదొకటి. ఆ నిశ్శబ్దం దగ్గర జనం ఏం చేస్తున్నారో గమనించండి. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కాదు, స్పీకర్లో, కాస్త గట్టిగా. పక్కవాటావాళ్లు వచ్చి తలుపు కొడితే రేడియోలో చెప్పారండీ అనండి.